వెలగకూడని బల్బు

పోయిన వారం ఈశ్వరిని గుంత అంచున గొంతుక్కూర్చోబెట్టి, మనం ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. మనకు ఏడు రోజులు గడిచాయి గానీ, పాపం ఆ పిల్లకు ఇంకా రెప్పపాటు కూడా గడవలేదు. చెయ్యి నడుము మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. నడుముకు చుట్టుకున్న చున్నీ ముడిలో ఉండాల్సిన మూడు ఫ్యూజులు లేవు.

కొత్తగా మన వెంట నడుస్తున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద, రామకృష్ణయ్య సావుకారుకు పత్తి మిల్లు ఉంది. ఆ మిల్లుకు ఎలక్ట్రీషియన్ మాదన్న. హొళగుంద మనిషి, యాభై నాలుగేళ్లవాడు, ఎడమ మోకాలు సరిగ్గా మడవలేడు. ఆయన దగ్గర అప్రెంటిస్‌గా చేరి మూడు నెలలైంది ఈశ్వరికి. ఐ.టి.ఐ. పాసై, ఎమ్మిగనూరులో పెద్దమ్మ దేవక్క ఇంట్లో ఉంటూ, రోజూ ఏడు గంటల బస్సుకు వచ్చి పోతోంది. పది రోజుల కిందట బేళ్లు కట్టే గదిలో ఆమెకు షాక్ కొట్టింది. కరెంటు లేదనుకుని, కరెంటున్న వైరు పట్టుకుంది. గోడకు పోయి తగిలింది. కుడిచేతి రెండు వేళ్లకు ఇంకా కట్టు ఉంది. మాదన్న రిజిస్టర్లో 'కాలు జారి పడింది' అని రాసి ఆమె పని నిలబెట్టాడు.

"ఇంగొక్క తప్పు చేస్తే నేను అడ్డం పడినా గిరిధర్ సారు నిన్ను ఉండనీడు మ్మే," అని ఆ రోజే చెప్పాడు. గిరిధర్ అంటే సావుకారు కొడుకు. ఆడపిల్లకు కరెంటు పని నేర్పించడం అతనికి మొదటి నుంచీ మింగుడు పడలేదు.

ఇక ఈ రోజు మిల్లులో కొత్త పత్తి ముహూర్తం. పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు సావుకారు భార్య అలివేలమ్మ తన చేత్తో మెయిన్ స్విచ్ ఎత్తాలి, మొదటి మిషను తిరగాలి, కొత్త పత్తి పడాలి. అంతా బాగానే ఉండేది, ఎలుకలు లేకపోతే. మిషన్ల కింద గింజలు పోయేందుకు తవ్విన, సొరంగం లాంటి పొడవాటి గుంత ఒకటుంది. మెయిన్ బోర్డు నుంచి మిషన్లకు పోయే పెద్ద కేబులు ఆ గుంతలోంచే పోతుంది. వానాకాలమంతా మిల్లు మూసి ఉంటే ఎలుకలు దాన్ని కొరికి పెట్టాయి. పొద్దున తొమ్మిదింటికి ఆ సంగతి బయటపడింది. మాదన్న టార్చి నెత్తికి కట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుని పాక్కుంటూ లోపలికి పోయాడు.

పోయే ముందు రెండు పనులు చేశాడు. మొదటిది, మెయిన్ స్విచ్ దించి, దాని కిందున్న మూడు పింగాణీ ఫ్యూజులు పీకి ఈశ్వరి చేతిలో పెట్టాడు.

"ఇవి నీ నడుమున ఉన్నంతసేపు నా పానం నీ నడుమున ఉన్నట్ల లెక్క. ఎవురడిగినా ఇయ్యొద్దు. సావుకారడిగినా ఇయ్యొద్దు, దేవుడడిగినా ఇయ్యొద్దు."

రెండోది, కేబులు గుంతలోకి దిగేచోట దానికి ఒక అరవై క్యాండిల్ బల్బు తగిలించాడు. ఎవరికీ వెలుతురిచ్చేందుకు కాదు. కేబుల్‌లోకి కరెంటు వస్తే తెలియాలని.

"ఈ బల్బు ఎలగనంతసేపు నువ్వు బేఫికర్. ఎలిగిందనుకో, ఇంగ నన్ను పిలవాల్సిన పనుండదు," అని నవ్వాడు. ఈశ్వరికి నవ్వు రాలేదు.

"జనరేటరుతో ఏమన్నా వస్తాదా అన్నా?" అని అడిగింది.

"మంచి మాట అడిగినావు. కొత్త జనరేటరు వైరు ఫ్యూజులు దాటినంక కలిపినారు, నేరుగా ఈ కేబుల్‌కే. నడమ పెట్టాల్సిన స్విచ్ బళ్లారి నుంచి ఇంగా రాలేదు. అది తిరిగిందంటే నీ నడుమున ఫ్యూజులున్నా ఒకటే, ల్యాకున్నా ఒకటే. అయితే దాంట్లో సుక్క డీజిలు లేదు. పొద్దున నేనే మూత తీసి సూసినా." అని చెప్పి లోపలికి పోయాడు.

అదీ సంగతి. ఇప్పుడు ఆ లోపలి నుంచే ఆయన గొంతు వచ్చింది.

"ఏమ్మే, ఫ్యూజులు నీ తాననే ఉండాయి గదా?"

ఈశ్వరి నోరు తెరిచింది. లేవని చెప్పాలి. లేవు, బయటికి వచ్చేయన్నా అని చెప్పాలి. అంతే, రెండే మాటలు. కానీ ఆ రెండు మాటలు చెబితే తర్వాత ఇంకెన్ని చెప్పాల్సి వస్తుందో, ఆయన మొహం ఎట్లా మారుతుందో, సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి.

"ఉండాయన్నా," అంది.

"సరే అయితే." ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. జాయింటు మీద టేపు చుట్టేటప్పుడు మాదన్నకు చుట్లు లెక్కపెట్టే అలవాటు. అదీ కన్నడంలో. సరిహద్దు ఊరివాడు కదా, లెక్కలు మాత్రం కన్నడంలోనే వస్తాయి ఆయనకు. ఒందు, ఎరడు, మూరు, నాల్కు... ఏడు చుట్లు. ఎప్పుడూ ఏడే. ఆరైతే తక్కువంటాడు, ఎనిమిదైతే టేపు దండగంటాడు.

"...ఆరు... ఏళు," అని వినబడింది. ఒక జాయింటు అయింది. ఇంకా రెండున్నాయి.

ఈశ్వరి బల్బు వైపు చూసింది. వెలగలేదు. దేవుడా, వెలగలేదు. లేచి మిషన్ల మధ్య నుంచి పరుగెత్తింది.

ఫ్యూజులు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. తనే ఇచ్చింది. అరగంట కిందట ఇన్సులేషన్ టేపు తెచ్చేందుకు స్టోరుకు పోతుంటే, అలివేలమ్మ పిలిచింది. మెయిన్ బోర్డు పక్కన లక్ష్మీదేవి పటం పెట్టి, ముందర పెద్ద ఇత్తడి పళ్లెంలో మిల్లు సామానంతా పేర్చారు. తూకం రాళ్లు, స్పానర్లు, బేళ్లు లాగే కొక్కేలు. పనిచేసే ప్రతివాడి చేతి సామానూ ఆ పళ్లెంలోకి రావాలి, పసుపూ కుంకుమా పెట్టించుకోవాలి. ఆ మిల్లులో మొదటి నుంచీ అదే ఆనవాయితీ.

"నీ సామాను కూడా తీసుకురామ్మే. నువ్వు మాత్రం ఈ మిల్లులో పనిచేసేదానివి కాదా ఏంది?" అంది అలివేలమ్మ.

మూడు నెలల్లో ఆ మిల్లులో మాదన్న కాక ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. ఈశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. టెస్టరు పెట్టింది, కటింగ్ ప్లయర్ పెట్టింది, స్క్రూ డ్రైవర్లు పెట్టింది. అలివేలమ్మ ఆమె నడుము వైపు చూసింది.

"ఆ ముడిలో ఏంది?"

"ఫ్యూజులమ్మా. ఇవి ఇయ్యకూడదు."

"మిషన్లకు పానమంతా వాటిలోనే గదా. వాటికి బొట్టు పెట్టకుంటే ఎట్ల? ఒక్క నిమిషం. పెట్టించుకోని తీసుకపో."

ఒక్క నిమిషమే కదా అనుకుంది. ఇచ్చింది. పక్కనే నిలబడింది. అంతలో గుంతలోంచి మాదన్న "టేపు, మ్మే! టేపు!" అని అరిచాడు. టేపు కోసం ఉరికింది. టేపు అందించింది. ఆయన ఒకటి అడిగాడు, తర్వాత ఇంకొకటి అడిగాడు. నిమిషం కాస్తా అరగంటైంది.

తప్పులన్నీ పెద్ద పెద్ద చప్పుళ్లతో రావు. ఈ తప్పు పసుపు వాసనతో వచ్చింది.

బోర్డు దగ్గర యాభై మందికి తక్కువ లేరు. మార్కెట్ యార్డు వ్యాపారులు, వాళ్ల ఆడవాళ్లు, పట్టుచీరలు, మల్లెపూలు. పైన మామిడి తోరణం. నేల మీద కుంకుమ పూసిన గుమ్మడికాయ. ఈశ్వరి ఖాకీ చొక్కా మీద దూది పోగులతో, చెదిరిన జడతో ఆ మందిలోకి చొరబడింది. అందరినీ తోసుకుంటూ పళ్లెం దగ్గరికి చేరింది.

టెస్టరు ఉంది. ప్లయర్ ఉంది. స్పానర్లున్నాయి. ఫ్యూజులు లేవు.

తల ఎత్తి బోర్డు చూసింది. మూడు ఫ్యూజులూ మూడు బొట్లతో, వాటి వాటి స్థానాల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఆమె పొద్దున తగిలించిన పుర్రె బొమ్మ రేకు, 'పని జరుగుతున్నది, ముట్టరాదు' అన్నది, అక్కడ లేదు. దాని స్థానంలో బంతిపూల దండ వేలాడుతోంది. మెయిన్ స్విచ్ పిడి మాత్రం ఇంకా కిందికే ఉంది. ఆ పిడి ముందు అలివేలమ్మ కొంగు దోపుకుని నిలబడి ఉంది. అయ్యవారు గడియారం చూస్తూ మంత్రం చదువుతున్నాడు.

పదకొండు పన్నెండు.

ముప్పై అడుగుల అవతల, భూమి కింద, ఒక మనిషి రెండు చేతులతో తెగిన రాగి తీగలు పట్టుకుని ఉన్నాడు. ఆయన ఎందుకు నిశ్చింతగా పట్టుకున్నాడంటే, ఇందాక తను 'ఉండాయన్నా' అంది కాబట్టి.

"అమ్మా! ఆ పిడి ముట్టొద్దమ్మా!" అని అరిచింది.

మంత్రం ఆగింది. యాభై తలలు తిరిగాయి.

"ఏయ్, ఏందది?" గిరిధర్ ముందుకు వచ్చాడు. "నిన్ను గుంత కాడ ఉండమంటే ఈడేం పని నీకు?"

"మాదన్న లోపలే ఉండాడు సార్. కేబులు కలుపుతాండాడు."

"పదకొండుకంతా అయిపోతాదని నాతో చెప్పినాడే!"

"కాలేదు సార్. ఒక జాయింటే అయింది. ఇంగా రెండుండాయి. ఆ ఫ్యూజులు... ఎవురు పెట్టినారు సార్?"

"నేనే పెట్టినా. పని అయిపోయినంక పెట్టక, పళ్లెంలో పెట్టుకోని సూస్తా కూర్చుంటారా?"

"పుర్రె బొమ్మ రేకుండె గదా సార్..."

ఈసారి అలివేలమ్మ మాట్లాడింది, కాస్త తడబడుతూ. "అది నేనే తీయించినానమ్మే. లక్ష్మీదేవి ఎదురుగ్గా పుర్రె ఏం బాగుంటాదని... పని అయిపోయిందనుకున్యా."

"అనుకోకుండా ఎట్లుంటాం?" గిరిధర్ గొంతు పెరిగింది. "ఫ్యూజులు పీకినోడు పని అయినంకనే ఎనక్కి ఇస్తాడు. ఈ మిల్లులో ఇరవై ఏండ్లుగా అదే లెక్క. ఎవురమ్మా తెచ్చి ఇచ్చింది ఆ ఫ్యూజులు? మాదన్న ఇచ్చినాడా? నేనిచ్చినానా?"

దీపం వత్తి చిటపటలాడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈశ్వరికి ఇంకో దారి ఉంది. 'అమ్మే అడిగి తీసుకుంది' అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు. అలివేలమ్మ మొహంలో ఆ భయం కనబడుతూనే ఉంది, ఎక్కడ తన పేరు చెబుతుందోనని. ఈశ్వరి ఆ దారి వైపు ఒక్క క్షణం చూసింది. ఆమె ఏమీ దేవత కాదు, చూసింది. కానీ గుంతలోంచి వచ్చిన 'సరే అయితే' అన్న మాట చెవిలో ఇంకా మోగుతోంది. ఒక అబద్ధానికే ఇంత దూరం వచ్చింది, ఇంకొకటి మోయడం ఆమె వల్ల కాలేదు.

"నేనే ఇచ్చినా సార్. ఎవురడిగినా ఇయ్యొద్దన్యాడు మాదన్న. ఇచ్చినా. తప్పు నాదే. మల్ల ఆయన అడిగితే నా తాననే ఉండాయని అబద్ధం కూడా చెప్పినా. అది ఇంగా పెద్ద తప్పు."

చెప్పేసరికి చెంపల మీదికి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు.

రామకృష్ణయ్య సావుకారు అంతవరకూ కుర్చీలోనే ఉన్నాడు. మెల్లగా లేచాడు. "తప్పెవురిదైతే ఏందమ్మా, ఇప్పుడేం చేయల్ల అది సెప్పు. అయ్యవారూ, ముహూర్తం ఎంతవరకుండాది?"

"పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా దివ్యంగా ఉంది. ఆ తర్వాత వర్జ్యం వస్తుంది. మళ్లీ ఈ వారంలో లేదు."

వ్యాపారుల్లో గుసగుసలు మొదలయ్యాయి. గిరిధర్ చేతి గడియారం చూసుకున్నాడు.

"ఒక పని చేద్దాం నాన్నా. గుంత కాడికి మనిషిని పంపించి, మాదన్నను రెండు నిమిషాలు చేతులు తీసి పక్కకు జరగమందాం. అమ్మ పిడి ఎత్తుతాది, ఒక్క తిప్పు తిప్పి దించేద్దాం. శాస్త్రం అయిపోతాది."

అందరికీ అది బాగుందనిపించింది. ఒక్క తిప్పే కదా అన్నారు. రెండు నిమిషాలే కదా అన్నారు. ఒక్క నిమిషమే కదా అని అరగంట కిందట ఈశ్వరి కూడా అనుకుంది.

"జరిగేదానికి ఆడ తావు లేదు సార్," అంది. "అటు తిరిగినా ఇటు తిరిగినా కేబులు మీదనే తిరగల్ల. తెగిన కొసలు ఆయన ఒళ్లోనే ఉండాయి. కింద తేమ. మోకాలు బాగలేని మనిషి, బయటికి పాక్కుంటా రావాలంటే పది నిమిషాలు పడతాది. పోయి పిలిచేలోపల ఎవురన్నా పిడి ఎత్తితే?"

"ఎవురు ఎత్తుతారమ్మా నేను చెప్పకుండా?"

"పుర్రె బొమ్మ రేకు తీసేస్తారని కూడా అనుకోలేదు సార్."

అంత మాట ఎట్లా అన్నదో ఆమెకే తెలీదు. గిరిధర్ మొహం కందగడ్డలా అయింది. అతను ఏదో అనేలోపల ఈశ్వరి పళ్లెంలోంచి టెస్టరు తీసుకుని బోర్డు ముందు నిలబడింది.

పిడి కిందికే ఉంది కాబట్టి ఫ్యూజుల్లో కరెంటు ఉండదు. పుస్తకంలో చదివింది, మాదన్న చేత వందసార్లు చెప్పించుకుంది. తెలుసు. తెలిస్తే ఏం లాభం, చెయ్యి వినదే! పది రోజుల కిందట కూడా కరెంటు లేదనే అనుకుంది. గోడకు తగిలిన వీపు, బిగుసుకుపోయిన దవడ, కాలిన చర్మం వాసన, అన్నీ వేళ్లలో మళ్లీ మేలుకున్నాయి. కట్టు కట్టిన వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. అయినా టెస్టరు కొన మొదటి ఫ్యూజుకు ఆనించింది.

టెస్టరు వెలగలేదు. రెండోదీ వెలగలేదు. మూడోదీ లేదు.

"బొట్టు పెట్టినవి పీకితే అపశకునం," అని వెనకనుంచి ఎవరో ముసలామె గొణిగింది.

ఈశ్వరి మొదటి ఫ్యూజు పట్టుకుని లాగింది. వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది గట్టిగా కూర్చుంది. పసుపు తడికి వేళ్లు జారాయి. కట్టున్న చేత్తో పట్టు దొరకలేదు. ఆ చేతి పక్కన పిడి మీద అలివేలమ్మ చెయ్యి ఇంకా ఉంది, బంగారు గాజులతో. ఆమె ఊపిరి ఈశ్వరి మెడకు తగులుతోంది. ఏ క్షణాన ఎవరు 'ఎత్తమ్మా' అంటారోనని ఈశ్వరి ప్రాణం గిలగిలలాడింది.

అలివేలమ్మ పిడి మీది చెయ్యి తీసేసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేనైతే ఎత్తనప్పా," అంది కొడుకుతో. "మనిషి లోపలుంటే నాకేం ముహూర్తమొద్దు. నిదానంగా తీసుకో మ్మే."

మూడోది కూడా వచ్చింది. ఈశ్వరి మూడింటినీ చున్నీలో వేసి, ఒక ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసి, నడుముకు బిగించి కట్టుకుంది. పళ్లు కూడా ఉపయోగించింది. ఆ అవస్థ చూసి ఒకరిద్దరు నవ్వారు కూడా.

"మాదన్న బయటికొచ్చి నిలబడినంకనే ఇస్తా సార్. ఆ తర్వాత మీరు ఏం చెప్తే అది."

"రేపటి నుంచి నువ్వు రావద్దు," అన్నాడు గిరిధర్.

"సరే సార్."

అంత సులువుగా సరే అంటుందని అతను అనుకున్నట్టు లేదు. ఒక్క నిమిషం ఆమెను చూశాడు, తర్వాత గడియారం చూశాడు. తండ్రి దగ్గరికి వంగి, "ముహూర్తం తప్పదు నాన్నా. నేను సూసుకుంటా," అన్నాడు. పక్కనున్న తిక్కయ్యను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. తిక్కయ్య మిల్లు వాచ్‌మన్. పొద్దున్నుంచీ పూజ సామాను మోసి మోసి అలిసిపోయి ఉన్నాడు. తల ఊపి, గోడ దగ్గరున్న డబ్బా ఒకటి ఎత్తుకుని హాలు వెనక తలుపు గుండా పోయాడు.

దీపంలోకి నూనె కాబోలు అనుకుంది ఈశ్వరి. అనుకోవడం కూడా పూర్తిగా అనుకోలేదు. ఆమె మనసంతా గుంత దగ్గరే ఉంది. గిరిధర్ అంత తొందరగా తగ్గాడే అని కూడా ఆమెకు తోచలేదు. గెలిచినవాళ్లు లెక్క చూసుకోవడం మరిచిపోతారు. ఆమె గెలిచానని కూడా అనుకోలేదు, మాదన్న బతికాడు అనుకుంది, అంతే.

గుంత మూతి దగ్గరికి వచ్చి కూలబడింది. బల్బు వెలగలేదు. నడుము తడుముకుంది. మూడు గట్టి ముక్కలు చేతికి తగిలాయి. మళ్లీ తడుముకుంది. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవురు మ్మే ఏడ్సేది?" లోపల్నుంచి గొంతు.

"నేనే అన్నా."

"ఏంటికి?"

"అబద్ధం చెప్పినా అన్నా. నువ్వడిగినప్పుడు ఫ్యూజులు నా తాన లేవు. పూజకిచ్చినా. గిరిధర్ సారు బోర్డులో పెట్టేసినాడు. అమ్మ పిడి ఎత్తబోతాంటే పోయి పీక్కోని వచ్చినా."

లోపల పనిచేస్తున్న చప్పుడు ఆగింది.

"ఇప్పుడు యాడుండాయి?" అన్నాడు.

"నా నడుమునే. రెండు ముళ్లేసినా."

"నిజమేనా?"

"నీ మీద ఒట్టన్నా."

"నా మీద ఎయ్యకు ఒట్టు. ఈ పొద్దు నా మీద బరువు శానా ఉండాది." మాదన్న దగ్గాడు. ఆ దగ్గులో కోపం ఎంతుందో, నవ్వు ఎంతుందో ఆమెకు తెలీలేదు. "బయటికొచ్చినంక నీ పని చెప్తా. రోంత సేపు కూకో. రెండో జాయింటు అయిపోయింది. మూడోది తీగలు మెలేసినా, టేపు చుడితే అయిపోతాది. బల్బు సూస్తాండు."

"సూస్తాండా అన్నా."

బయటికి రమ్మని చెబుదామా అనుకుంది. ఏడు చుట్లే కదా ఇక. ఏడు చుట్లు అయితే అయిపోతుంది. కళ్లు తుడుచుకుని గోడకు ఆనుకుంది. పూజ దగ్గర మంత్రం మళ్లీ మొదలైంది.

మంత్రం మళ్లీ ఎందుకు మొదలైంది?

ఈశ్వరి గోడ నుంచి వీపు తీసింది. ఫ్యూజులు తన దగ్గరుంటే ముహూర్తం ఎక్కడిది? 'ముహూర్తం తప్పదు, నేను సూసుకుంటా' అన్నాడు గిరిధర్. ఏం చూసుకుంటాడు? దీపం పటం ముందుంది కదా, తిక్కయ్య డబ్బా పట్టుకుని వెనక తలుపు గుండా ఎందుకు పోయాడు? వెనక తలుపు అవతల దీపం లేదు, దేవుడూ లేడు. అక్కడున్నది ఒక్కటే రేకుల షెడ్డు.

అందులో కొత్త జనరేటరు. డబ్బాలో డీజిలు.

దాని వైరు వేరే ఉందనుకుంటాడు గిరిధర్. కొత్త జనరేటరు, కొత్త నల్ల కేబులు. అది ఎక్కడ కలిసిందో అతనికి ఎవరు చెప్పారు?

"అన్నా!" లేచి నిలబడి, వంగి, గుంతలోకి అరిచింది. "అన్నా, చేతులు తీయి! జనరేటరు! చేతులు తీయి!"

సరిగ్గా అప్పుడే హాల్లో మంగళవాయిద్యాలు ఎత్తుకున్నాయి. డోలు, సన్నాయి కలిసి మిల్లు పైకప్పు అదిరిపోయేట్టు మోగాయి. ఆమె అరుపు ఆమెకే వినబడలేదు. షెడ్డు వైపు ఉరుకుదామంటే అది మిల్లుకు ఆ చివర ఉంది. గుంతలోకి దూరుదామంటే ఆయన ముప్పై అడుగుల లోపలున్నాడు. ఏ వైపూ పోలేక ఆమె కాళ్లు అక్కడే కొట్టుకున్నాయి.

వాయిద్యాల కింద నుంచి గుర్రుమని ఒక చప్పుడు. ఆగింది. మళ్లీ గుర్రుమంది. ఈసారి ఆగలేదు.

సన్నాయి ఊదేవాడు ఊపిరి కోసం ఒక్క క్షణం ఆపాడు, డోలూ ఆగింది. ఆ సందులో గుంత లోపల్నుంచి మాదన్న గొంతు ఈశ్వరికి స్పష్టంగా వినబడింది, తీరిగ్గా, ఎప్పటిలాగే.

"ఒందు..."

బల్బులో తీగ సన్నగా ఎర్రబడింది.

"ఎరడు..."

బల్బు పచ్చగా వెలిగింది. ఈశ్వరి గుంత అంచున మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో నేలను పట్టుకుని, మూరు అనే మాట కోసం చెవి ఒగ్గింది.

అది రాలేదు.